ఊరి టైమ్ క్యాప్సూల్‌లో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

దివిసీమలోని మీ ఊరి గ్రంథాలయానికి 75 ఏళ్లు నిండుతున్న సందర్భంగా ఒక పెట్టెను మూసి, 50 ఏళ్ల తర్వాత తెరిచేలా జెండా స్తంభం పక్కన పాతిపెట్టాలనుకుంటున్నామని రాశారు. ఊరి ఫొటోలు, వీడియోలు నింపిన పెన్ డ్రైవ్, ఆ రోజు దినపత్రిక, లామినేషన్ చేయించిన గ్రూప్ ఫొటో, ఒక సెల్‌ఫోన్, వరి విత్తనాలు, ఆవకాయ సీసా, పిల్లల ఉత్తరాలు, ప్రజాప్రతినిధుల సందేశాలు ఇప్పటివరకు మీ జాబితాలో ఉన్నాయన్నారు. ఇంకేం చేర్చవచ్చని అడిగారు. నేను చాలాకాలంగా పాత కాగితాలు, తాళపత్రాలు, లోహపు వస్తువులు పాడవకుండా కాపాడే పనిలో ఉన్నవాణ్ని. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఇంకేం చేర్చాలో చూసేముందు, ఉన్నవాటిలో ఏది 50 ఏళ్లు నిలుస్తుందో, నిలిచినది తనంతట తాను ఏం చెప్పగలదో ఆలోచించాలి. ఈ రెండో విషయాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో అసలు విషయం అదే.

మీ ఊరికి దగ్గర్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ మీది వంతెన దాటి రేపల్లె వైపు వెళితే భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వినప్పుడు రాతి కరండాలు (మూతగల పెట్టెలు), వాటిలో స్ఫటికపు భరిణెలు, ధాతువులు (పూజ్యుల అవశేషాలు), బంగారు పూలు, పూసలు దొరికాయి. బంగారమూ స్ఫటికమూ మరికొన్ని చోట్ల కూడా దొరికాయి. భట్టిప్రోలుకు చరిత్రలో ప్రత్యేక స్థానం దక్కింది మాత్రం ఆ కరండాల మీద చెక్కిన బ్రాహ్మీ అక్షరాల వల్ల. ఆ కరండాన్ని ఎవరు చేయించారో, ఆ పనికి పూనుకున్న గోష్ఠిలో ఎవరెవరున్నారో, అప్పటి రాజు కుబీరకుడనీ ఆ అక్షరాలే చెబుతున్నాయి. గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి, అంటే ఒక ఊరి కమిటీ తన పేర్లను పెట్టె మీద రాసి రెండు వేల ఏళ్లకు పైగా నిలబెట్టుకుందన్న మాట. ఆ రాతే లేకపోతే మనకు దొరికేవి అందమైన మూగ వస్తువులు. మీరు పెట్టె నింపేటప్పుడు ప్రతి వస్తువుకూ ఈ పరీక్షే పెట్టండి: దీన్ని తీసి చేతిలో పట్టుకునే మనిషికి మనం ఎవరమో తెలియదు, మన మాటల్లో కొన్ని అర్థం కావు, ఈ వస్తువును దేనికి వాడేవాళ్లమో ఊహకు కూడా అందకపోవచ్చు. అలాంటి మనిషి కోసం దాని వెంట ఒక పేజీ రాసి పెట్టగలిగితే అది పెట్టెలోకి రావచ్చు. ఆ పేజీ రాయడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ వస్తువును పక్కన పెట్టండి. వివరం లేని నూరు వస్తువుల కన్నా వివరంతో కూడిన ఇరవై వస్తువులు మేలు.

ఇక ఎలాంటి వస్తువులు అన్న ప్రశ్నకు వస్తాను. ఉత్సవ కమిటీలు సహజంగానే ఘనమైనవాటి వైపు మొగ్గుతాయి. జ్ఞాపికలు, శాలువాలు, సందేశాలు, సన్మానపత్రాలు పోగవుతాయి. కానీ ఇవి ఎలాగూ ఎక్కడో ఒకచోట మిగులుతాయి. మిగలకుండా పోయేది రోజూ వాడి పారేసే సరుకే. టైమ్ క్యాప్సూల్ అన్న పేరుకు మూలమైన పెట్టెను వెస్టింగ్‌హౌస్ కంపెనీ 1938లో న్యూయార్క్‌లో, 6939వ సంవత్సరంలో తెరవాలని రాసి భూమిలోకి దించింది. అందులో ఐన్‌స్టీన్ రాసిన సందేశం ఉంది, దానితోపాటు టూత్‌బ్రష్, పిన్నీసు, డబ్బా మూత తీసే పనిముట్టు లాంటి చిన్నచిన్న సామాన్లు కూడా ఉన్నాయి. ఆ కాలపు ఇల్లు ఎలా గడిచేదో సందేశం కన్నా ఈ సామాన్లే సూటిగా చెబుతాయి.

మీ ఊరి విషయంలో నేనైతే కూరల బండి మీద అంటించి ఉండే క్యూఆర్ కోడ్ కాగితాన్ని మొదట ఎంచుకుంటాను. 50 ఏళ్ల తర్వాత ఆ గళ్లను ఏ పరికరంతో చూసినా ఏ ఖాతా తెరుచుకోదు, కాబట్టి వెంట ఉండే పేజీలోనే అంతా చెప్పాలి. పది రూపాయల కొత్తిమీరకు కూడా జనం ఫోను చూపించి డబ్బు కట్టేవారని, కట్టగానే బండి మీది చిన్న పెట్టె ఎంత ముట్టిందో గట్టిగా పలికేదని, సిగ్నల్ అందని రోజున కొన్నవారూ అమ్మినవారూ ఏం చేసేవారో, ఫోను లేని ముసలమ్మ ఎలా కొనేదో రాయండి. నిజమైన ఖాతాకు చెందిన కాగితం వద్దు, బండి యజమాని అనుమతితో, వాడుకలో లేని పాతదాన్ని తీసుకోండి. దాని పక్కన ఆ వారం సంతలో కూరలు, చేపలు, బియ్యం, మేకమాంసం ధరల పట్టికను ఒకరు చేత్తో రాసి, వ్యవసాయ కూలి మగవారికి ఎంతో, ఆడవారికి ఎంతో కూడా దాని కిందే వేయండి. ఈ రెండు అంకెలూ లేకుండా ధరల పట్టికకు అర్థం ఉండదు.

ఆర్టీసీ బస్సు టికెట్టు పెట్టాలని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆలోచన చాలా మంచిది, కానీ కండక్టరు చేతిలోని టిమ్ యంత్రం నుంచి వచ్చే ఆ టికెట్టు మీద సిరా ఉండదు. కాగితానికి పూసిన రసాయనం వేడి తగిలి నల్లబడడం వల్ల అక్షరాలు కనిపిస్తాయి, అందుకే కొన్నేళ్లకే వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. ఏటీఎం చీటీ, సూపర్‌మార్కెట్ బిల్లు కూడా ఇలాంటివే. అసలు టికెట్టుతో పాటు దాని జిరాక్స్ తీసి పెట్టండి. జిరాక్స్ యంత్రంలో వాడే నల్లపొడి ప్రధానంగా కార్బన్, ప్లాస్టిక్‌ల మిశ్రమం కాబట్టి మంచి కాగితం మీద తీస్తే చాలాకాలం నిలుస్తుంది.

మీది గ్రంథాలయం కాబట్టి మీ చేతిలో మరెవరి దగ్గరా లేని సరుకు ఒకటుంది, అది మీ రిజిస్టరు. ఒక నెలలో ఎవరి పేరూ చెప్పకుండా ఏ పుస్తకాలు ఎన్నిసార్లు బయటికి వెళ్లాయో, చదువరుల్లో పిల్లలెందరో, పోటీ పరీక్షల కోసం వచ్చి కూర్చునేవారెందరో, పత్రికల బల్ల దగ్గర ఉదయం ఎవరు ముందుంటారో రాసి పెట్టండి. ఊరి పటం కూడా ఒకటి గీయించండి. సర్వే పటం పంచాయతీలో ఎలాగూ ఉంటుంది. మీరు గీయించేదానిలో జనం నోటి మీది పేర్లు ఉండాలి: ఏ బజారును ఏమంటారు, ఏ చెరువు గట్టు, ఏ మలుపు, పడిపోయిన ఏ చింతచెట్టు పేరుతో ఇప్పటికీ బస్సు ఆగుతోంది అన్నవి. పొలాల వివరం రాసేటప్పుడు వరి అని ఊరుకోకుండా రకం పేరు వేయండి. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, బాపట్ల కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204 మీ ప్రాంతంలో ఎవరు ఇంకా వేస్తున్నారో, ఎవరు మానేశారో, ఎందుకు మానేశారో రైతు మాటల్లోనే రాయండి. ఉప్పునీరు ఎంతవరకు ఎక్కుతోందో, కాలువ నీరు ఏ నెలలో వస్తోందో కూడా అందులోనే చేర్చండి. వ్యవసాయ శాస్త్రవేత్త ఎవరైనా ఆ పెట్టె తెరిచే రోజున అక్కడ ఉంటే ఆ పేజీని ముందుగా అందుకుంటారు.

దివిసీమ అనగానే 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తుకు రాకుండా ఉండదు. ఆనాటికి పదేళ్ల వయసున్నవారు ఇప్పుడు అరవైకి చేరువలో ఉన్నారు. మీ పెట్టె తెరిచేనాటికి ఉప్పెనను కళ్లారా చూసినవారు ఎవరూ ఉండకపోవచ్చు. కాబట్టి ఈ పెట్టెలోకి వెళ్లవలసినవాటిలో అన్నిటికన్నా ముందుది వారి మాట. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, నీళ్లు ఏ దిక్కు నుంచి వచ్చాయి, ఏ గోడకు ఎంత ఎత్తు వరకు మరక పడింది, ఎక్కడ తలదాచుకున్నారు, తర్వాతి వారం ఏం తిన్నారు, ఎవరు ముందుగా వచ్చి సాయం చేశారు అని అడిగి, వారు పలికినట్టే రాసుకోండి. భాషను సరిదిద్దకండి. దివి యాస, చేపలవారి మాటలు, ఇప్పుడే అరుదవుతున్న పదాలు అలాగే ఉండాలి, కావాలంటే అంచున అర్థం రాయండి. చివర చెప్పినవారి సంతకమో వేలిముద్రో, తేదీ ఉంటే చాలు. ఆ పేజీల నకలు పెట్టెలో పెట్టి, అసలును గ్రంథాలయంలోనే ఉంచుకోవడం మంచిది. ఇలాంటి విలువైన సాక్ష్యాన్ని 50 ఏళ్లు ఎవరికీ కనిపించకుండా దాచనక్కర్లేదు.

పిల్లల ఉత్తరాల గురించి ఒక మాట. ‘భవిష్యత్ తరాలకు లేఖ రాయండి’ అంటే పిల్లలు, పాపం, వ్యాసరచన పోటీకి రాసినట్టే రాస్తారు. కాలుష్యం తగ్గాలి, అందరూ బాగుండాలి అన్న వాక్యాలు వందసార్లు వస్తాయి. దానికి బదులు చిన్న ప్రశ్నలు ఇవ్వండి. ఇవాళ పొద్దున ఏం తిన్నావు, బడికి ఎలా వచ్చావు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ ఆట ఆడుతున్నావు, దేనికి భయపడతావు, ఏం కొనుక్కోవాలని ఉంది అని అడిగితే ఒక్కొక్కరి జవాబూ ఒక్కో తీరుగా ఉంటుంది. పెద్దల చేత కూడా రాయించండి, రాయలేనివారు చెబుతుంటే పిల్లలు రాయవచ్చు. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, జబ్బుల వివరాలు, ఇంటి తగాదాలు ఈ కాగితాల్లోకి రాకుండా ఒకరు చదివి చూడాలి.

ఎవరు ఎంచుతున్నారన్న ప్రశ్న కూడా ఏం ఎంచుతున్నారన్నంత ముఖ్యమే. 1973 ఆగస్టు 15న ఇందిరాగాంధీ ప్రభుత్వం ఎర్రకోటలో కాలపత్రం అన్న పేరుతో ఒక టైమ్ క్యాప్సూల్‌ను పాతిపెట్టించింది. అందులో రాసిన దేశ చరిత్ర ఎవరి దృష్టితో రాశారన్న వివాదం చెలరేగింది, జనతా ప్రభుత్వం వచ్చాక దాన్ని తవ్వి తీయించింది. వెయ్యేళ్లయినా ఉండాలనుకున్నది ఐదేళ్లు కూడా పూర్తిగా నేలలో లేదు. ఊరి స్థాయిలో కూడా ఇదే జరగవచ్చు. ఆలయ కమిటీ వారు, పాత విద్యార్థులు మాత్రమే కూర్చుని జాబితా వేస్తే, దళితవాడ, మత్స్యకారుల పల్లె, యానాదుల ఇళ్లు, ఇటుక బట్టీలకు వలస వచ్చినవారు అందులో కనిపించరు. ఒక్కో పేటకు రెండు వస్తువులను వారే ఎంచుకునే హక్కు ఇవ్వండి, కమిటీ వాటిని మార్చకూడదని ముందే నియమం పెట్టుకోండి. సందేశాల విషయానికి వస్తే, ప్రజాప్రతినిధులందరికీ కలిపి ఒక్క పేజీ చాలని నా అభిప్రాయం. మూయడానికి ముందు మొత్తం జాబితాను గ్రంథాలయం గోడకు నెల రోజులు అంటించి ఉంచితే తర్వాత అనుమానాలకు తావుండదు.

ఇప్పుడు మీ జాబితాలో ఇబ్బంది కలిగించేవాటిని చూద్దాం. పెన్ డ్రైవ్‌లో సమాచారం అతి సూక్ష్మమైన విద్యుదావేశం రూపంలో ఉంటుంది. కరెంటు అందకుండా ఏళ్ల తరబడి పక్కన పెడితే అది మెల్లగా కారిపోతుంది, 50 ఏళ్లకు ఎవరూ హామీ ఇవ్వలేరు. అది నిలిచినా దాన్ని పెట్టి చదివే కంప్యూటరు దొరకడం మరో సమస్య. ఫ్లాపీలు ఇప్పుడు ఎవరి ఇంట్లో తెరుచుకుంటున్నాయో ఆలోచించండి. తాళ్లపాక వారు అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని భాండాగారంలో భద్రపరచగా, అవి వందల ఏళ్ల తర్వాత 20వ శతాబ్దంలో వెలుగులోకి వచ్చి పుస్తకాలుగా అచ్చయ్యాయి. రాగిరేకును చదవడానికి యంత్రం అక్కర్లేదు, లిపి తెలిసిన కన్ను చాలు. కాబట్టి ముఖ్యమైన ఫొటోలు, మాటలు కాగితం మీదికి రావాలి. వీడియోలను గ్రంథాలయమే దగ్గర పెట్టుకుని, కొన్నేళ్లకొకసారి కొత్త డిస్కుల్లోకి మారుస్తూ పోవాలి.

సెల్‌ఫోన్‌ను వస్తువుగా పెట్టవచ్చు, బ్యాటరీ మాత్రం తప్పనిసరిగా తీయించాలి. లోపల ఉబ్బి పగిలిన బ్యాటరీ ఒక్కటి చాలు, చుట్టూ ఉన్న కాగితాలన్నీ పాడవడానికి. ఆవకాయ వద్దు. ఉప్పు, నూనె, పులుపు కలిసిన సరుకు మూసిన పెట్టెలో ఉంటే సీసా మూత ఎప్పుడో ఒకప్పుడు లొంగుతుంది. దాని బదులు చిన్న ఖాళీ జాడీ పెట్టండి, పింగాణీకి ఏ ఇబ్బందీ లేదు. ఏ కాయ, ఎన్ని కాయలకు ఎంత కారం, ఎంత ఆవపిండి, ఎవరింటి కొలత అన్నది ఆ ఇంటి ఇల్లాలి చేతిరాతతో దాని పక్కన ఉండాలి. వరి విత్తనాలు మీ ప్రాంతపు వేడికీ తేమకూ కొద్ది ఏళ్లలోనే మొలకెత్తే శక్తి కోల్పోతాయి, పైగా పురుగును వెంట తెస్తాయి. విత్తనాలను దీర్ఘకాలం దాచే జన్యునిధులు వాటిని బాగా ఆరబెట్టి, సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉంచుతాయి. మీ పెట్టెలో అది సాధ్యం కాదు. పెడన కలంకారీ గుడ్డ పెడదామని ఎవరైనా అంటే సంతోషంగా ఒప్పుకోండి, గంజి లేకుండా ఉతికి బాగా ఆరబెట్టిన నూలుగుడ్డ బాగా నిలుస్తుంది. ఉన్ని, తోలు, రబ్బరు వద్దు. ఉన్ని, రబ్బరు నుంచి వెలువడే గంధకపు ఆవిర్లు వెండినీ రాగినీ నల్లబరుస్తాయి.

దినపత్రిక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికాలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ శాసనసభా భవనం పునాదిరాయి కింద 1795లో ఆ దేశ స్వాతంత్ర్య పోరాట ప్రముఖులు శామ్యూల్ ఆడమ్స్, పాల్ రెవియర్ వేసిన నిక్షేపాన్ని 1855లో ఒకసారి తీసి ఇత్తడి పెట్టెలో తిరిగి పెట్టారు. 2015 జనవరిలో దాన్ని మళ్లీ తెరిచినప్పుడు మడిచిన వార్తాపత్రికలు చదవగలిగే స్థితిలో ఉన్నాయి. ఆ కాలపు కాగితం గుడ్డపీలికలతో తయారయ్యేది. ఇప్పటి పత్రికల కాగితం కలపగుజ్జుది. కలపలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం అందులో పసుపెక్కి, ఆమ్లం పుట్టించి, పక్కనున్న మంచి కాగితాన్ని కూడా తినేస్తుంది. పత్రికలోని పేజీలను ఆమ్లరహిత కాగితం మీద జిరాక్స్ తీసి పెట్టండి. అసలు పత్రిక ఉండి తీరాలంటే దాన్ని ఒంటరిగా పాలిస్టర్ కవర్లో ఉంచండి. లామినేషన్ మాత్రం దయచేసి చేయించకండి. మన వాళ్లు సర్టిఫికెట్ల నుంచి తాతల ఫొటోల వరకు అన్నిటికీ చేయిస్తారు. వేడితో అంటుకున్న ఆ పొరను తర్వాత వేరు చేయడం నా వంటివారికి దాదాపు అసాధ్యం, జిగురు పసుపెక్కితే బొమ్మ కూడా దానితోపాటే పోతుంది. గ్రూప్ ఫొటోను పిగ్మెంట్ (రంగుపొడి) సిరాతో నూలు కాగితం మీద ముద్రించి, మనుషుల తలల ఆకారాలను మాత్రం మరో కాగితం మీద గీసి, ఒక్కో తలకు అంకె వేసి, కింద పేర్లు, ఇంటిపేర్లు, వయసు, పని రాయండి. రాతకు మెత్తని పెన్సిలు చాలు. జెల్ పెన్నుల్లో, స్కెచ్ పెన్నుల్లో చాలా రంగులు వెలిసిపోతాయి, తేమ తగిలితే పాకుతాయి. గుండు పిన్నులు, స్టాప్లర్, సెల్లోటేపు, రబ్బరు బ్యాండు ఏవీ వద్దు. తెల్లని నూలు టేపుతో కట్టండి.

జెండా స్తంభం పక్కన పాతడాన్ని మాత్రం నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. అమెరికాలోని టల్సాలో 1957లో కొత్త ప్లిమత్ కారును కాంక్రీటు గదిలో పాతిపెట్టి 2007లో తీస్తే, గదిలోకి నీరు చేరి కారు తుప్పు ముద్దగా మారింది. అదే గదిలో వెల్డింగ్ చేసి మూసిన ఉక్కు డబ్బాలోని సామాను మాత్రం బాగానే బయటపడింది. 2023 ఆగస్టులో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో తెరిచిన సీసపు పెట్టెలో మొదట మట్టి తప్ప ఏమీ కనిపించలేదు, తర్వాత ఆ మట్టిని జల్లిస్తే నాణేలు, ఒక పతకం దొరికాయి. కాగితం ఉండి ఉంటే దాని ఆనవాలు కూడా ఆ మట్టిలో కలిసిపోయి ఉంటుంది. మీది డెల్టా నేల. వానాకాలంలో కొద్ది అడుగులు తవ్వితేనే నీరు ఊరుతుంది, ఆ నీటిలో ఉప్పు కూడా ఉంటుంది. అందుకే గ్రంథాలయం పై అంతస్తులో, ఎండ సోకని లోపలి గోడలో గూడు కట్టించి పెట్టెను అందులో ఉంచండి, ముందు శిలాఫలకం బిగించండి. పై అంతస్తు లేకపోతే 1977 నాటి నీటి మట్టం కన్నా ఎత్తైన చోటు చూడండి.

పెట్టెకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి, సముద్రపు గాలికి 304 కన్నా అది బాగా తట్టుకుంటుంది. మూతను నట్లు, బోల్టులతో బిగించి మధ్యలో టెఫ్లాన్ వాషరు వేయించండి. ఆర్గాన్ వెల్డింగ్ చేయిస్తే వేడి కాగితాల దాకా పోకుండా లోపల మరో డబ్బా, చుట్టూ ఖాళీ ఉండాలి. అయితే బయటి నీటిని ఆపినంత మాత్రాన పని పూర్తికాదు. ఆరిపోయినట్టు కనిపించే కాగితంలోనే కిలోకు 60–80 గ్రాముల నీరు ఉంటుంది, కోస్తా తేమలో ఇంకా ఎక్కువే. దాన్ని అలాగే మూసేస్తే బూజుకు కావలసిన నీటిని మనమే లోపల పెట్టినట్టు. కాగితాలను ఏసీ గదిలో కొన్ని రోజులు ఆరబెట్టి, ఓవెన్‌లో వేడిచేసి చల్లార్చిన, తేమను పీల్చే తెల్ల సిలికా జెల్‌ను గుడ్డ సంచుల్లో ధారాళంగా వేసి, ఫిబ్రవరిలోనో మార్చిలోనో మూయండి. ఉత్సవం ఆగస్టులో పడితే సభలో ఖాళీ పెట్టెను చూపించి, అసలు పనిని ఎండల ముందు చేసుకోవచ్చు.

చివరగా, పెట్టె ఉన్నదన్న సంగతి ఊరు మరవకుండా చూడాలి. కాలిఫోర్నియాలోని కొరోనా పట్టణం తాను పాతిన 17 పెట్టెల జాడ పోగొట్టుకుంది. వస్తువుల జాబితా, పెట్టె ఉన్న గోడ కొలతలు, తెరవాల్సిన తేదీ, తెరిచే పద్ధతి రాసిన ప్రతులను గ్రంథాలయం రిజిస్టరులోనూ, హైస్కూలులోనూ, గ్రామ పంచాయతీ తీర్మానాల పుస్తకంలోనూ చేర్పించండి. మరొక ప్రతిని వేటపాలెం సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయానికి పంపండి. 1918 నుంచి నడుస్తూ పాత పత్రికల్ని కాపాడుతున్న ఇలాంటి సంస్థకు ఒక్క కాగితం దాచడం పెద్ద భారం కాదు. మూసే రోజున పదేళ్ల లోపు పిల్లలు కొందరిని దగ్గర నిలబెట్టి, వారి పేర్లను తెరిచే బాధ్యత గలవారిగా జాబితా చివర రాయండి. 50 ఏళ్ల గడువు పెట్టుకోవడంలో ఉన్న మేలు ఇదే, వారిలో చాలామంది ఆ రోజుకు ఊళ్లోనో, ఊరికి వచ్చేంత దూరంలోనో ఉంటారు. మీ సవరించిన జాబితా, పెట్టె కొలతలు పంపితే ఏ వస్తువును దేని పక్కన పెట్టకూడదో గుర్తు పెట్టి తిరిగి రాస్తాను.